అటకమీది కాగితాలు, వంటింటికి కాగితం

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథని మనలో చాలామందిమి పదిసార్లు చదివి ఉంటాం, క్లాసులో పాఠంగా చెప్పి ఉంటాం. ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ కథని ఆవిడ ఒక చదువుకున్న ఇల్లాలి కథగా మార్చారు. పేరు గుర్తురాని ఆ ఇల్లాలు పనిమనిషిని అడుగుతుంది, ఇరుగుపొరుగుని అడుగుతుంది, భర్తని అడుగుతుంది. ఎవరికీ ఆవిడ పేరుతో పనిలేదు. చివరికి పాత స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే గానీ ఆ పేరు తిరిగి రాదు. ఈ కథ మీద వచ్చిన విమర్శ ఎక్కువగా ఆ పేరు చుట్టూనే తిరిగింది. అందులో తప్పు లేదు. నన్ను మాత్రం ఈమధ్య ఆ కథలో ఇంకో చిన్న విషయం పట్టుకుంది. ఆవిడ పుట్టింటికి వెళ్ళి అడిగేది తన సర్టిఫికెట్లు. తల్లికి ఆ వెతుకులాట అర్థం కాదు. సర్దుళ్ళలో ఆ కాగితాలు అటకమీదికి చేరాయి, వాటికిప్పుడు తొందరేం వచ్చింది అన్నట్టు మాట్లాడుతుంది.

పేరు పోగొట్టుకున్న మనిషి కాగితం కోసం వెళ్ళింది. ఆ కాగితంలో ఉన్నది కాలేజీ చదువు. ఇంటికి దాని అవసరం లేదు కాబట్టి అది అటకెక్కింది. మరి ఆవిడ పొద్దస్తమానం చేస్తున్న పనికే ఎవరైనా సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే? అదీ అటకెక్కేదా, లేక డ్రాయింగ్ రూములో గోడకెక్కేదా?

ఇది ఊరికే వచ్చిన ప్రశ్న కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు హైటెక్ సిటీ అంటే కంప్యూటరు కోర్సు సర్టిఫికెట్లే. ఇప్పుడు అదే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద వంట నేర్పే కోర్సుల బోర్డులు కనిపిస్తున్నాయి. గచ్చిబౌలి టెలికాం నగర్‌లో ప్రభుత్వం 2004లో పెట్టిన నిథమ్ ఉంది. ఊళ్ళోకి వస్తే బేగంపేటలో 1996 నుంచి నడుస్తున్న కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా, విద్యానగర్ వైపు హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. వీటి పక్కన బేకరీకి ఆరు వారాలు, కాంటినెంటల్‌కి మూడు నెలలు అంటూ చిన్న ప్రైవేటు సంస్థలు. అలాంటి ఒకదాంట్లో (పేరు అనవసరం) నేను శని, ఆదివారాల కోర్సులో చేరాను. సాహిత్యంలో డాక్టరేటు చేసి వంట సర్టిఫికెట్టా అని నవ్వినవాళ్ళున్నారు. స్త్రీల కథల్లో వంటిల్లు గురించి రాస్తున్న వ్యాసం ఒక కారణం. గెస్ట్ ఫాకల్టీ కాంట్రాక్టు అయిపోయి, వారానికి ఏడూ ఆదివారాలే అయిన సెమిస్టరు ఇంకో కారణం. కోర్సులో నా అనుభవాలు చెప్పుకోవటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అక్కడ చేతికిచ్చిన సిలబస్‌ని ఒక కథనో కవితనో చదివినట్టు చదవాలనిపించింది.

ఆ పాఠం సైన్యంతో మొదలవుతుంది. మొదటి అధ్యాయం 'కిచెన్ బ్రిగేడ్'. హోటల్ వంటింట్లో ఎవరు ఎవరి కింద పనిచెయ్యాలో నిర్ణయించిన ఈ పద్ధతి ఫ్రెంచి షెఫ్ ఎస్కాఫియేది. ఆయన 1870 నాటి ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో సైన్యానికి వండినవాడు. పైన షెఫ్, ఆయన కింద సూ షెఫ్, అట్టడుగున కమీ. ఆజ్ఞకి 'ఎస్ షెఫ్' తప్ప జవాబు లేదు. తర్వాత కూరగాయలు తరిగే పద్ధతులు: జూలియెన్, బ్రునాయిజ్... ప్రతి ముక్కకీ మిల్లీమీటర్లలో లెక్క. ఆ తర్వాత ఐదు 'మదర్ సాసులు'. ఆ వంటింట్లో తల్లి అన్న మాట వినిపించేది ఈ సాసుల దగ్గరే.

వీటన్నిటికీ మనకి మాటలు లేవా? ఉన్నాయి. తరగటం వేరు, తురమటం వేరు, కోరటం వేరు, చీల్చటం వేరు. గుత్తి వంకాయని తొడిమ విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీలుస్తారు. పాకంలో లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం ఉన్నాయి. బేకరీ క్లాసులో చక్కెర పాకానికి థర్మామీటరు పెట్టి 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య 'సాఫ్ట్ బాల్' అని రాసుకోమన్నారు. మా బ్యాచిలో ఒకావిడ ప్లేటులో నీళ్ళు పోసి, అందులో చుక్క పాకం వేసి, వేలితో ఉండ చేసి చూపించింది. థర్మామీటరు 114 చూపిస్తోంది. ఇన్‌స్ట్రక్టరు కుర్రాడు మంచివాడే, "బాగుంది మేడమ్, కానీ పరీక్షలో టెంపరేచరే రాయండి" అన్నాడు.

ఇక్కడ 'అమ్మమ్మల జ్ఞానాన్ని పడమటి శాస్త్రం కొట్టేసింది' అని ఒక మాట రాసేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. నాకు అంత తేలిగ్గా అనిపించలేదు. మన వంట పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' అని ఉంటుంది. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' ఎన్ని ముద్రణలు పొందిందో, ఎంతమంది కొత్త కోడళ్ళకీ విదేశాలకి వెళ్ళిన కుర్రాళ్ళకీ తోడైందో మనకి తెలుసు. తెలుగులో వంటని తల్లి నోట్లోంచి తీసి అచ్చులో పెట్టిన పుస్తకాల్లో దానిది పెద్ద స్థానం. అయినా 'తగినంత' అన్న మాట రుచి ముందే తెలిసినవాళ్ళకి మాత్రమే అర్థమయ్యే కొలత. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి, ఆ ఇంటికి కోడలిగా వచ్చి దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్ళకి అది తెలుస్తుంది. బయటివాళ్ళకి తెలియదు. 'ఆవిడ చేతి మహిమ' అన్న మెచ్చుకోలు వెనక ఎవరి చేతి వంట ఎవరు తినొచ్చు అన్న లెక్క కూడా ఉంది. ఆరు గ్రాముల ఉప్పు అని రాస్తే ఆ చెయ్యి ఎవరిదైనా ఒకటే. సిలబస్‌లో నాకు నచ్చింది ఇదే. అక్కడ గోళ్ళు చూస్తారు, జుట్టుకి వల ఉందా లేదా చూస్తారు. మడి గురించి అడగరు.

పాకం ఉండ చేసి చూపించిన ఆవిడ కొండాపూర్‌లో నాలుగు ఫ్లాట్లలో వంట చేస్తుంది. ఫీజు కట్టింది కాల్ సెంటర్లో పనిచేసే కూతురు. కొత్త ఇంట్లో పని అడగటానికి వెళితే జీతం కంటే ముందు వచ్చే ప్రశ్న "మీరేవిట్లు?" అని ఆవిడ చెప్పింది. "అక్కడ ఏ జవాబు చెప్పినా చెల్లదు మేడమ్. చెల్లే జవాబు ఒక్కటే, అది నా దగ్గర లేదు" అంది. పొద్దుటి నుంచి సాయంత్రందాకా గేటు లోపల కీబోర్డు మీద ప్రపంచంతో మాట్లాడి వచ్చే ఇళ్ళు ఇవి. సర్టిఫికెట్ దరఖాస్తులో తండ్రి లేదా భర్త పేరుకి గడి ఉంది గానీ ఆ ప్రశ్నకి గడి లేదు. ఆవిడ వచ్చింది దానికోసం.

స్త్రీవాద కవిత్వం వంటింటి మీద చేసిన దాడిని దీని పక్కన పెట్టి చూడాలి. విమల 'వంటిల్లు' మనకి ఒక మైలురాయి. చిన్ననాటి వాసనల మురిపెంతో మొదలై, ఆ గది జైలుగా మారటం చూపించి, దాని గోడలు కూలగొట్టమంటుంది ఆ కవిత. తల్లి ఏలిన వంటింట్లో గిన్నెల మీద తండ్రి పేరు చెక్కి ఉండటం అందులో ఎప్పటికీ మర్చిపోలేని విషయం. సత్యవతి కథలో పేరు పోయింది, విమల కవితలో గిన్నె మీద మగవాడి పేరు మిగిలింది. ఈ రెండూ పేరున్న చదువుకున్న స్త్రీ ఇంటి వంటింటి గురించే. వంటిల్లు అనే విడిగది లేని ఇళ్ళ సంగతేమిటని దళిత స్త్రీలు అడిగారు. జాజుల గౌరి, గోగు శ్యామల కథలు చదివినవాళ్ళకి ఆకలి ముందు, వంటిల్లు తర్వాత అని తెలుసు. అయినా ఈ చర్చలో ఒక మనిషి జారిపోయింది. తన ఇంట్లో వండి, ఇంకో నాలుగు వంటిళ్ళలో జీతానికి వండే స్త్రీ. ఆమెకి వంటిల్లు జైలూ కాదు, రాజ్యమూ కాదు, పనిచోటు. పనిచోటు కూలిపోవాలని ఎవరు కోరుకుంటారు? కూలి పెరగాలని, గౌరవంగా మాట్లాడాలని కోరుకుంటారు. వంటింటిని విడిచిపెట్టే భాష మనం బాగా నేర్చుకున్నాం. వంటింట్లో జీతం అడిగే భాష మన సాహిత్యంలో పలచగా ఉంది. ఈ సర్టిఫికెట్ నా కంట పడ్డాకనే ఆ లోటు నాకు ఇంత స్పష్టంగా కనిపించింది.

భాషలోనే చూడండి. గొప్ప వంటకి తెలుగులో మాట 'నలభీమపాకం'. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ మారువేషాల్లో రాజుల కొలువులో పనికి కుదిరినవాళ్ళే. భీముడు వలలుడనే పేరుతో విరాటుడి వంటశాలలో చేరాడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుణ్ణి దమయంతి గుర్తుపట్టిన ఆనవాళ్ళలో అతను వండిన మాంసం రుచి ఒకటి. మగవాడి వంటే అతని గుర్తింపు కాగితం అయింది. ద్రౌపదికి దక్కింది అక్షయపాత్ర. అందులో అన్నం ఆవిడ తినేదాకానే అక్షయం, అంటే ఆవిడ అందరికంటే చివర తినాలి. టిఫిన్ సెంటర్లో దోసెలు వేసేవాడు 'మాస్టర్', పెళ్ళిళ్ళలో 'వంట మాస్టర్', హోటల్లో 'షెఫ్'. ఆడమనిషి అయితే వంటమనిషి, వంటావిడ, వంటమ్మ. 2017 నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీకదీపం' సీరియల్ మన ఇళ్ళకి ఇంకో మాట ఇచ్చింది: 'వంటలక్క'. ఆ కథలో భర్త 'డాక్టర్ బాబు'. అతని డిగ్రీ అతని పిలుపులోకి వచ్చింది. ఆవిడ పనితనం అక్క అనే చుట్టరికం తోక తగిలించుకుంటే తప్ప పిలుపుగా మారలేదు. చుట్టరికం ఉన్నచోట బేరం ఉండదు. అక్కకి ఎవరు ఓవర్‌టైము ఇస్తారు?

చుట్టరికం ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో 2024 జనవరి ఆఖరులో హైటెక్ సిటీ నడిరోడ్డు మీద చూశాం. ఐటీసీ కోహినూర్ హోటల్ దగ్గర్లో రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్మే 'కుమారి ఆంటీ' వీడియోలు ఊరంతా తిరిగాయి. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు బండి మూయించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నాక ఆవిడ మళ్ళీ అక్కడే అమ్ముకుంది. ఆ అయిదు నక్షత్రాల హోటల్లో కమీలూ సూ షెఫ్‌లూ ఉంటారు, గోడ అవతల ఆంటీ ఉంటుంది. ఆవిడకి దొరికిన ఊరటకి సంతోషించాల్సిందే. కానీ అది దయగా వచ్చింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అమ్ముకోవటానికి వెండింగ్ సర్టిఫికెట్ అనే హక్కు కాగితం గురించి చెబుతుంది. పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం నలభై శాతం వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలని కూడా చెబుతుంది. ఆ వారమంతా నేను చూసిన చర్చల్లో లివర్ కూర ధర వినిపించింది గానీ, ఈ చట్టం వినిపించలేదు. వైరల్ కాని ఆంటీలు ఆ రోడ్డు మీద ఇంకా ఎంతోమంది ఉన్నారు.

సర్టిఫికెట్ అనేది మగ షెఫ్‌ల పరిశ్రమ కనిపెట్టిన వస్తువు అనుకుంటాం. చరిత్ర వేరేగా ఉంది. ఈ దేశంలో కేటరింగ్ చదువు మొదలుపెట్టింది ఆడవాళ్ళు. ఆహార కొరత రోజుల్లో లీలావతి మున్షీ నాయకత్వంలో అఖిల భారత మహిళా కేంద్ర ఆహార మండలి 'అన్నపూర్ణ' పేరుతో ఫలహారశాలలు నడిపింది, 1954లో బొంబాయిలో కేటరింగ్ కాలేజీ తెరిచింది. దాని పేరులోనే 'పోషణ' అన్న మాట ఉంది. తర్వాత ఆ కాలేజీకి ప్రిన్సిపల్ అయిన థంగం ఫిలిప్ 1965లో రాసిన 'మోడరన్ కుకరీ' పుస్తకం దశాబ్దాలపాటు మన హోటల్ కాలేజీల్లో పాఠ్యగ్రంథం. పుస్తకం పూర్తి పేరులో బోధనకీ వృత్తికీ అని ఉంటుంది. ఇంటికి అని లేదు. ఆవిడకి 1976లో పద్మశ్రీ వచ్చింది. ఇంటి వంటని వృత్తి చెయ్యాలని ఆడవాళ్ళు తెరిచిన తలుపులోంచి తర్వాత ఎక్కువగా మగపిల్లలు లోపలికి వెళ్ళారు. హోటళ్ళ రాత్రి షిఫ్టులు, పద్నాలుగు గంటల పని, బస్సు లేని అర్ధరాత్రి, పెళ్ళి సంబంధాల్లో 'హోటల్లో పని' అన్న మాటకి వచ్చే ముఖకవళికలు... ఇవన్నీ కలిసి ఆడపిల్లల్ని బేకరీ విభాగానికో రిసెప్షన్‌కో నెట్టేశాయి. మా క్లాసులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు క్రూయిజ్ షిప్ ఉద్యోగానికి తయారవుతున్నారు. మిగిలిన ఆడవాళ్ళలో ఎక్కువమంది పిల్లల కోసం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినవాళ్ళు. వాళ్ళ లెక్క ఇంటినుంచే కేకులు చేసి అమ్మటం. అంటే సర్టిఫికెట్ అదే, కుర్రాళ్ళని సముద్రం మీదికి పంపిస్తుంది, ఆడవాళ్ళని మళ్ళీ వాళ్ళ వంటింట్లోకే, ఈసారి ఓవెన్ ఇఎంఐతో సహా.

ప్రభుత్వ పథకాలు చదివినా ఇదే వంకర. 2009-10లో కేంద్ర పర్యాటక శాఖ మొదలుపెట్టిన 'హునర్ సే రోజ్‌గార్ తక్' కింద ఎనిమిది వారాల వంట శిక్షణ ఉచితం. మంచి పథకం. కానీ దాన్ని రూపొందించింది ఎనిమిదో తరగతి దాటిన, ఇరవై ఎనిమిదేళ్ళు నిండని యువత కోసం. ముప్పై అయిదేళ్ళ మనిషి, పద్దెనిమిదో ఏట నుంచి రోజుకి మూడు పూటలు వండినది, ఆ వయసు గడి దగ్గరే ఆగిపోతుంది. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే స్త్రీలని 'కుక్ కమ్ హెల్పర్' అన్నారు. 2009లో కేంద్రం వాళ్ళకి నిర్ణయించింది నెలకి 1,000 రూపాయలు, ఏడాదికి పది నెలలు. రాష్ట్రాలు తర్వాత పెంచాయి గానీ పేరు మాత్రం ఇప్పటికీ 'గౌరవ వేతనం'. జీతం అనరు. ముందే వచ్చిన పనిని పరీక్షించి కాగితం ఇచ్చే పద్ధతి ఒకటి 2015 నుంచి నైపుణ్య పథకాల్లో ఉంది, 'పూర్వ అభ్యాసానికి గుర్తింపు' అని. స్త్రీల వంట విషయంలో అసలు నిలబడాల్సింది ఇదే. అయితే ఎవరు పరీక్షిస్తారు, దేన్ని పరీక్షిస్తారు? సంక్రాంతికి సకినాలు చుట్టే చేతివేళ్ళ తిప్పుడుకి ఎన్ని మార్కులు? సర్వపిండి గిన్నెకి అంటుకోకుండా, లోపల పచ్చిగా మిగలకుండా కాల్చటానికి ఎన్ని?

కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే స్త్రీలు వాటిమీద రోజుకి 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. అందులో వంటిల్లు సింహభాగం అని ఏ సర్వే లేకుండానే మనం చెప్పగలం. ఆ లెక్కలో అప్పుడే కోర్సు పూర్తిచేసిన నా క్లాసు స్త్రీలు కూడా ఉన్నారు. శనివారం హాలండేజ్ సాసు చేసి ఇంటికి పోయి ఆదివారానికి ఇడ్లీపిండి రుబ్బేవాళ్ళు. ఒకావిడ భర్త, కోర్సు అయ్యాక ఇంట్లో పాస్తా బాగుంటోందని మెచ్చుకున్నాడట. ఇంకొకావిడ అత్తగారు, ఇన్ని డబ్బులు పోసి నేర్చుకునేది ఇంట్లో చెయ్యటానికేనా అన్నారట. ఈ రెండు మాటల్లో నాకు అత్తగారి మాటే స్త్రీవాదానికి దగ్గరగా వినిపించింది, ఆవిడ ఉద్దేశం ఏదైనా సరే.

సర్టిఫికెట్ మీద నా వైఖరి ఏమిటని ఒక సీనియర్ విమర్శకురాలు అడిగారు, ఇది పెట్టుబడి మనల్ని కొత్తగా కొలిచే తూనిక కాదా అని. కావచ్చు. శారద తల్లి సర్టిఫికెట్లని అటకెక్కించగలిగింది ఎందుకంటే, ఇంట్లో వాటికి మారకం లేదు. నాలుగిళ్ళలో వండే మనిషికి మారకమే ముఖ్యం. గిన్నెల మీద తండ్రి పేరు చూసి బాధపడే స్థితి ఆవిడకి లేదు, ఆ గిన్నెలు ఆవిడవి కావు. ఇంటి పనివాళ్ళని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. ఆ ఉత్తర్వు ఏ ఫ్లాటు తలుపు దగ్గరా నిలబడలేదు. ఉత్తర్వు నిలబడనిచోట కాగితం నిలబడుతుందా అనేదే చూడాల్సింది. దానికి సమాధానం కవిత్వంలో లేదు, నా సిద్ధాంత వ్యాసంలోనూ లేదు.

ఆవిడ తన కాగితాన్ని లామినేషన్ చేయించుకుంది. నాలుగిళ్ళలోనూ చూపించి తలా అయిదు వందలు పెంచమంది. రెండిళ్ళవాళ్ళు పెంచారు. ఒకరు వచ్చే నెల చూద్దామన్నారు. నాలుగో ఇంట్లో "సర్టిఫికెట్ ఉంటే హోటల్లో చేరొచ్చుగా" అన్నారు. ఆవిడ ఆ నెలాఖరున ఆ ఇల్లు మానేసి, పక్క టవర్లో ఇంకో ఇంటికి కుదిరింది. అక్కడా మొదటి ప్రశ్న "మీరేవిట్లు?" అనే వచ్చిందట. కాగితం తీసి చేతికిచ్చిందట.